సభలో నోరు మెదపని పెద్దలు

మేము మినెసోటా వచ్చి 12 ఏళ్లయింది. మా అమ్మాయికి 11 ఏళ్లు. తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ చదవడం మాత్రం గుణింతాల దగ్గరే ఆగిపోయింది. కిందటి శీతాకాలం, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజుల్లో, ఆదివారం రాత్రి భోజనాలయ్యాక తనకు భారతం చెప్పడం మొదలుపెట్టాను. ఆ వేళకు నెల్లూరులో తెల్లవారి ఉంటుంది కనుక మా నాన్నగారు కాఫీ గ్లాసుతో ఫోన్ తెర మీదికి వచ్చి, నేను కథ చెబుతుంటే మధ్యలో పద్యం అందుకునేవారు.

ఆదిపర్వంలో అడ్డంకి ఏమీ రాలేదు. లక్క ఇల్లు, బకాసురుడు, మత్స్యయంత్రం, అన్నీ ఇష్టంగా వింది. సభాపర్వంలో ద్యూతం దగ్గరికి వచ్చేసరికి నాకే జంకు కలిగింది. ఆ సంఘటనను చాలామంది తల్లుల్లాగే నేనూ కృష్ణుడు చీర ఇచ్చి కాపాడాడన్న ఒక్క మాటతో దాటవేయాలనుకున్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు. ద్రౌపది అడిగిన ప్రశ్న చెప్పకుండా ఆ కథ చెప్పకూడదని, పిల్ల వినాల్సింది అదేనని అన్నారు.

అందుకని ఉన్నది ఉన్నట్టే చెప్పాను. తనను పిలవడానికి వచ్చిన ప్రాతికామి అనే సేవకుణ్ణి ద్రౌపది వెనక్కి పంపుతుంది. ధర్మరాజు ముందుగా తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అడిగి రమ్మంటుంది. తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని పణంగా పెట్టే హక్కు ఎక్కడిదన్నది ఆ ప్రశ్న. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని, తేల్చి చెప్పలేకపోతున్నానని అంటాడు. ద్రోణుడు, కృపుడు కూర్చునే ఉంటారు. సభలో అధర్మం జరుగుతుంటే తెలిసీ పలకనివారికి ఆ పాపంలో భాగం ఉంటుందని విదురుడు మొత్తుకుంటాడు. దుర్యోధనుడి తమ్ముల్లో ఒకడైన వికర్ణుడు మాత్రం లేచి, ఆమెను గెలిచినట్టు కాదని తేల్చి చెబుతాడు. నువ్వు చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు అతని నోరు మూయిస్తాడు.

మా అమ్మాయి వస్త్రాపహరణం గురించి కాదు, వికర్ణుడి గురించి అడిగింది. తరవాత అతనికి ఏమైందంది. యుద్ధంలో అన్నల పక్షానే నిలిచాడని, భీముడి చేతిలో చనిపోయాడని, చంపినందుకు భీముడే బాధపడ్డాడని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కప్పుకున్న దుప్పటి అంచు దారాలు లాగుతూ కూర్చుంది.

మూడు వారాల తరవాత ఒక సాయంత్రం, గిన్నెలు సర్దుతుంటే వచ్చి, తన తరగతిలోకి కొత్తగా చేరిన ఒక అమ్మాయి మాట తీరును భోజనాల బల్ల దగ్గర కొందరు పిల్లలు రోజూ అనుకరించి నవ్వుతున్నారని, ఆ బల్ల దగ్గరే కూర్చుని తాను ఏమీ అనలేదని చెప్పింది. "నేను నవ్వలేదమ్మా, కానీ భీష్ముడిలాగా కూర్చున్నాను" అంది. ఇంగ్లీషులో చెప్పడం తనకు సులువే అయినా ఆ మాట తెలుగులోనే అంది.

పరాయి దేశంలో పిల్లలకు మన కావ్యాలు ఎందుకని అడిగేవాళ్లకు నేను ఇన్నాళ్లూ సంస్కృతి, మూలాలు అని ఏవో పెద్ద మాటలు చెప్పేదాన్ని. నన్నయ తన అవతారికలో భారతాన్ని ధర్మతత్త్వజ్ఞులు ధర్మశాస్త్రమంటారని, నీతి విచక్షణులు నీతిశాస్త్రమంటారని, కవులు మహాకావ్యమంటారని వరసగా చెబుతాడు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం ఆయన మొదలుపెట్టిన పని, 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసిన తిక్కన చేతుల మీదుగా సాగి, అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాకనే ముగిసింది. మూడు వందల ఏళ్లపాటు ఒక జాతి ఒక కథను వదలకుండా తన భాషలోకి తెచ్చుకున్నదంటే, చదివిన ప్రతివాడూ తన జీవితంలో జరిగినదానికి అందులో ఒక పేరు దొరికించుకోగలిగినందువల్లేనని ఆ రోజు నాకు అనిపించింది. నా బిడ్డకు భీష్ముడు దొరికాడు.

ఆ ఆదివారం నాన్నగారికి సంగతి చెప్పాను. ఆయన మందలించలేదు. ఉద్యోగపర్వంలో రాయబారానికి వచ్చిన కృష్ణుడు అదే కౌరవసభలో చెప్పే తిక్కన పద్యం, "సారపు ధర్మమున్ విమల సత్యము" అన్నది, రెండుసార్లు చదివారు. అందులో "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అన్నచోట ఆగి, "దక్షులంటే చేయగలిగినవాళ్లు తల్లీ. చేయలేనివాళ్లను ఆ పద్యం ఏమీ అనడం లేదు" అన్నారు. తిక్కన మా ఊరివాడని, మనుమసిద్ధికి మంత్రిగా ఉన్నవాడని, సభల్లో ఎవరు ఎందుకు మాట్లాడరో ఎరిగినవాడని కూడా చెప్పారు. తాతయ్యకు ఆ గర్వం ఎప్పుడూ ఉంది.

"మరి భీష్ముడు చేయగలిగినవాడే కదా తాతయ్యా, ఎందుకు ఊరుకున్నాడు?" అని అమ్మాయి అడిగింది. దానికి జవాబు భీష్మపర్వంలో ఉంది. యుద్ధం మొదలవబోతుండగా ధర్మరాజు కవచం విప్పేసి, కాలినడకన శత్రుసైన్యంలోకి వెళ్లి తాతకు మొక్కినప్పుడు, మనిషి ధనానికి దాసుడని, ధనం ఎవరికీ దాసి కాదని, కౌరవులు ఆ ధనంతోనే తనను కట్టిపడేశారని భీష్ముడు స్వయంగా ఒప్పుకుంటాడు. నాన్నగారు ఆ ఘట్టం చెబుతుంటే నేను ఫోన్ వైపు చూడలేకపోయాను. వీసా మీద ఉన్న రోజుల్లో, నేను పనిచేసిన చోట తోటి ఉద్యోగినికి జరిగిన అన్యాయం కళ్లారా చూసి కూడా సమావేశంలో తల దించుకుని కూర్చున్నదాన్ని నేను. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. ఇంటి అద్దె, చంకలో పిల్ల. అప్పట్లో ఆ కారణాలన్నీ నాకు ధర్మసూక్ష్మంలాగే కనిపించాయి.

ఫోన్ పెట్టేశాక అమ్మాయికి ఆ సంగతి చెప్పాను. ఆమె పేరేమిటని అడిగింది. చెప్పాను. తరవాతైనా ఆమెతో మాట్లాడావా అని అడిగింది. లేదన్నాను. మరునాడు పొద్దున బడి బస్సు ఎక్కేముందు, ఇవాళ ఆ కొత్తమ్మాయి పక్కన కూర్చుంటానని తనంతట తనే చెప్పి వెళ్లింది. నేను లోపలికి వచ్చి, తొమ్మిదేళ్ల కిందటి ఆ సహోద్యోగిని ఫోన్ నంబరు కోసం పాత డైరీ తీశాను.