అంబాసిడర్‌లో నాయనతో తలకోనకు

తిరుపతి నుంచి తలకోనకు పోనూరానూ దగ్గరదగ్గర నూట ఇరవై కిలోమీటర్లు. కొత్త కారుకు ఇదొక లెక్క కాదు. 1985 మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్‌లో, మోకాళ్ల నొప్పులున్న నాయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని భాకరాపేట ఘాట్ ఎక్కి దిగాలంటే మాత్రం పని రెండ్రోజుల ముందే మొదలవుతుంది.

కాగితాల సంగతి ఒక్క మాటలో. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కానీ ఆ నంబరుతో ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోడ్డెక్కకూడదు. ఇంట్లో పెద్దోళ్లను తిప్పుకోవాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటున్న బండే మేలు.

అసలు పనంతా బ్రేకులది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, మా బండికి తొక్కుడుకు బలమిచ్చే బూస్టర్ కూడా లేదు. చక్రం జాకీ మీదికి లేపి, డ్రమ్ము రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి అడ్జస్టరును చక్రం బిగుసుకునేదాకా తిప్పాలి. తర్వాత ఒక్క క్లిక్ వెనక్కి వదలాలి. చక్రం చేత్తో తిప్పితే రాసుకోకుండా తిరగాలి. ఒక వైపు ఎక్కువ బిగిస్తే, గట్టిగా తొక్కినప్పుడు బండి ఆ వైపుకే లాగుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు కప్పు కింద తడి కనిపించిందంటే ఇక ప్రయాణం మాట వద్దు, ముందు దాని రబ్బరు కిట్ మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ తొందరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చేయడం మంచిది.

ఇంజన్‌కు డెల్కోలో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు, ప్లగ్గులకు 0.6 చూసుకుంటే చాలు. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోస్ పైపులు వేలితో నొక్కి చూడాలి. పెట్రోలు గొట్టాలను మాత్రం ఊరికే వదలొద్దు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పగిలేట్టు చేస్తుంది. పెట్రోలు పంపు లోపలి పొర, డయాఫ్రం కూడా అంతే. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించి, క్లిప్పులు కొత్తవి బిగించుకోవాలి.

ఉదయం ఐదున్నరకు బయల్దేరాం. ఆలస్యం చేస్తే రంగంపేట దగ్గర కాలేజీ బస్సుల వెనక రెండో గేరులో ఈడ్చుకుంటూ పోవాల్సి వస్తుంది, ఘాట్ మొదలుకాకముందే ఇంజన్ కాగిపోతుంది. పెద్దోళ్లకు అంబాసిడర్ సీటు నిజంగా సుఖం. ఎత్తుగా ఉంటుంది కాబట్టి ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. చిక్కల్లా రెక్సిన్ సీటే. మలుపు తిరిగినప్పుడల్లా మనిషి ఇటునుంచి అటు జారతాడు. నాలుగు మడతలు వేసిన నూలు దుప్పటి పరిస్తే జారడం ఆగుతుంది. సీటు బెల్టు బండికి తర్వాత బిగించినదైనా సరే, పెట్టించాల్సిందే. తలుపు ముందున్న త్రికోణపు చిన్న అద్దాన్ని సగం తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. నాయన చేసిన మొదటి పని అదే.

చంద్రగిరి దాటి రంగంపేట మీదుగా పోతే ఘాట్ వస్తుంది. 2022 మార్చిలో రాత్రిపూట ఓ ప్రైవేటు బస్సు లోయలో పడింది ఈ మలుపుల్లోనే. ఎక్కేటప్పుడు బ్రేకుకు పనిలేదు, కష్టమంతా వేడితోనే. రెండో గేరులో ఇంజన్ అరుస్తుంటుంది గానీ వేగం లేక రేడియేటర్‌కు గాలి చాలదు. వేడి చూపే ముల్లు పైకి పోతుంటే గేరు దించి నెమ్మదిగా పోవాలి. ఎక్కిన వెంటనే టీకని ఆపి ఇంజన్ కట్టేయడం అందరూ చేసే పొరపాటు. పెట్రోలు పంపు ఇంజన్ దిమ్మెకే బిగించి ఉంటుంది. ఫ్యాను ఆగగానే దిమ్మె వేడికి పైపులో పెట్రోలు ఆవిరవుతుంది, పంపు ఆవిరిని తోయలేదు. మళ్లీ సెల్ఫ్ కొడితే రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఆపే ముందు రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఆగిపోతే బానెట్ ఎత్తి, తడి గుడ్డ పిండి పంపు మీద, పైపు మీద వేసి పావుగంట ఆగాలి. సెల్ఫ్ కొడుతూనే ఉంటే బ్యాటరీ దిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

భాకరాపేట, నెరబైలు దాటితే అటవీశాఖ చెక్‌పోస్టు. తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. అక్కడిదాకా రాళ్లూ మెట్లూ ఎక్కాలి. మోకాళ్లు సహకరించని వాళ్లను సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గరే కూర్చోబెట్టడం మంచిది, నీళ్ల చప్పుడు, నీడ అక్కడా ఉన్నాయి. కోతులున్నాయి, టిఫిన్ డబ్బా కారులోనే తెరవాలి.

దిగడమే అసలు పరీక్ష. ఎక్కిన గేరులోనే దిగాలి, అదీ వాలు మొదలుకాకముందే వేసుకోవాలి. మధ్యలో మూడు నుంచి రెండుకు మార్చబోయి స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు తగులుకోకపోతే బండి న్యూట్రల్‌లో జారుతుంది. నేను రెండో మలుపుకు ముందు కొంచెం ఎక్కువసేపు తొక్కి పట్టుకునేసరికి నాయన అన్నాడు: "బ్రేకు మీద కాలు పెట్టుకోని కూచోబాకరా. గేరుకు వదులు."

ఆయన చెప్పినదాంట్లో లెక్క ఉంది. ఊరికే ఆనించి పట్టుకుంటే డ్రమ్ము వేడికి వ్యాకోచించి, లోపల దాన్ని రాసుకుని ఆపే లైనర్‌కు దూరమవుతుంది, పెడల్ లోతుకు పోతుంది. లైనర్ కూడా కాగి పట్టు వదిలేస్తుంది. గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేస్తే మధ్యలో డ్రమ్ముకు గాలి తగులుతుంది. కాలిన లైనర్ వాసన వచ్చిందంటే వెడల్పు చోటు చూసి పక్కకు తీయాలి. డ్రమ్ముల మీద నీళ్లు పోయకూడదు, పగులుతాయి. కాగిన డ్రమ్ము మీద హ్యాండ్‌బ్రేక్ లాగిపెట్టకూడదు, గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.

రంగంపేటలో దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా చూశాం. ముందు ఎడమది మిగతావాటికంటే వేడిగా సెగ కొడుతోంది. అడ్జస్టర్ ఒక్క క్లిక్ ఎక్కువ బిగిసినట్టుంది. ఇంటికి చేరాక చల్లారనిచ్చి మళ్లీ సరిచేసుకోవాలి. డైనమో బండి కాబట్టి నిదానంగా పోయేటప్పుడు హెడ్‌లైట్లు మసకబారతాయి. అందుకే సాయంత్రం నాలుగులోపు తిరుపతి చేరిపోయాం.