ఆ పసుపు పిట్టకు టిక్ పెట్టనన్నాను

ఉరుగ్వే నుంచి ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. బూట్ల అడుగున ఆ దేశపు బురద ఇంకా ఉంది. కోపమూ సంతోషమూ చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది నందికొట్కూరు. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మాకు దగ్గర్లోనే రోళ్లపాడు. నా చిన్నప్పుడు, 1970ల్లో, కొర్ర చేల పక్క బీళ్లలో బట్టమేక పిట్టలు తిరిగేవి. నాన్న నన్ను గట్టు వెనక బోర్లా పడుకోబెట్టి చూపించేవాడు. 1988లో ఆ పక్షి కోసమే రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలున్నాయి, బట్టమేక లేదు. చుట్టూ పంటలు మారాయి, కాలువ నీళ్లొచ్చాయి, బీళ్లు పోయాయి. అడవి నరికితే అందరూ గగ్గోలు పెడతారు. గడ్డినేల దున్నితే బంజరు బాగుపడిందంటారు. ఈ మాట నేను ఎంతమందితో వాదించానో లెక్కలేదు.

అందుకే, దాచుకున్న డబ్బుతో ఒక్కసారి ఎక్కడికైనా వెళ్లాలంటే గడ్డి మైదానానికే వెళ్లాలనుకున్నాను. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్‌లలో పరుచుకున్న పంపాస్. అక్కడ శాఫ్రన్ కౌల్డ్ బ్లాక్‌బర్డ్ అని ఒక పిట్ట ఉంది. తలా పొట్టా పచ్చటి పసుపు, వీపూ రెక్కలూ నలుపు. గడ్డినేల పోయేకొద్దీ అదీ తగ్గిపోయి, అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాకెక్కింది. మా బట్టమేక కథే. దాన్ని ఉండగానే చూడాలనిపించింది.

వీసా కాగితాలు మా అబ్బాయి చూసుకున్నాడు, ఇబ్బంది లేదు. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మర్చిపోకండి. ఉరుగ్వేకి కాదు, తిరుగు ప్రయాణం అర్జెంటీనా మీదుగా అయితే ఇక్కడ దిగగానే సర్టిఫికెట్ అడుగుతారు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటినవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా వేయించుకోవద్దు. ఒకసారి వేయించుకుంటే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

ఇక టూరు కంపెనీ. పేరు రాయను. బ్రోచర్లో ఎనిమిది మంది, ఇద్దరు గైడ్లు అని ఉంది. తీరా వెళ్తే పదకొండు మందిమి. రెండో గైడు అంటే వ్యాను డ్రైవరట. అక్కడ తేరో అనే పిట్ట ఊరూరా ఉంటుంది. మన తీతువుకు సొంత చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. మన తీతువులాగే గూడు ఒకచోట ఉంటే ఇంకోచోటికి పోయి గోల చేస్తుంది. 'తేరో అరిచేది ఒకచోట, గుడ్లు పెట్టేది మరోచోట' అని అక్కడివాళ్ల సామెత. మొదటి రోజే ఆ సామెత విని, ఈ కంపెనీకి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. మీరు వెళ్లేటట్టయితే ఎంతమంది, ఎన్ని స్కోపులు (మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శినులు) అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో తియ్యగా చెప్పేది నమ్మకండి.

బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక రోజు. నగరం నడిబొడ్డున, కూల్చిన భవనాల రాళ్లూ మట్టీ నదిలో పోసిన చోట దానంతట అదే గడ్డీ చెట్లూ మొలిచి చిత్తడి నేల అయింది. 1986 నుంచి అది రిజర్వ్. మనుషులు పారేసిన రాళ్ల మీద అంత జీవం! అక్కణ్ణుంచి పడవలో ఉరుగ్వే. తర్వాత మూడు రోజులు వ్యానులో తూర్పుకు. కంచె స్తంభాల మీద ఓర్నేరో పిట్టల మట్టి గూళ్లు, అచ్చం చిన్న పొయ్యిల్లా. ఆవుల మధ్య న్యాందూలు, అంటే ఈము లాంటి పెద్ద పక్షులు. ఆ దేశంలో జనం ముప్పై నాలుగు లక్షలైతే ఆవులు కోటీ ఇరవై లక్షల దాకా ఉంటాయి. నేను మాంసం తినను, అయినా నిజం రాయాలి. ఆవులు మేస్తున్నచోటే గడ్డి మిగిలింది, పిట్టలు మిగిలాయి. 1987 అటవీ చట్టం తర్వాత కాగితపు గుజ్జు కోసం యూకలిప్టస్ వేసినచోట కిలోమీటర్ల తరబడి ఒకటే చెట్టు, కింద ఏమీ లేదు. వాటి పక్కనుంచి వెళ్తుంటే మా ఊరి బీళ్లు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఇప్పుడు నాలుగో రోజు సంగతి.

రోచా ప్రాంతంలో ఒక తడి బీడు. కలబంద మట్టల్లాంటి ముళ్ల ఆకుల మొక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, వాటిని కరగ్వతా అంటారట. గైడు ఆగి, స్కోపు నిలబెట్టి, "దొరికింది" అన్నాడు. అందరూ లైను కట్టారు. నా ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. మా గుంపులో ఆరడుగుల వాళ్లు నలుగురు. స్కోపు వాళ్ల కంటికి సరిపోయేలా పెట్టాడు. నా వంతు ఎనిమిదోది. మునివేళ్ల మీద నిలబడినా కన్ను ఆనలేదు. గైడు ట్రైపాడ్ కాలు ఒకటి దించాడు, స్కోపు పక్కకు వాలింది, పిట్ట పోయింది. మళ్లీ వెతికాడు. వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఇంతలో గుంపంతా లేచింది. నాకు కనిపించింది ఆకాశంలో దూరంగా పోతున్న పదిహేను నల్ల చుక్కలు.

అంతే అయితే ఇది రాసేదాన్ని కాదు. పిట్టలన్నాక ఎగురుతాయి.

రోజూ రాత్రి భోజనం దగ్గర గైడు ఆ రోజు పక్షుల జాబితా చదువుతాడు, చూసినవాళ్లు టిక్ పెట్టుకోవాలి. శాఫ్రన్ కౌల్డ్ దగ్గరికొచ్చేసరికి అందరూ చేతులు తట్టారు. నేను "నాకు కనిపించలేదు" అన్నాను. బల్ల అంతా నిశ్శబ్దం.

"గుంపు ఎగరడం మీరూ చూశారు కదా. అది చాలు, టిక్ పెట్టేయండి," అన్నాడు గైడు.

"ఎగిరిపోతున్న చుక్కలు చూశాను. పసుపు చూడలేదు. పెట్టను."

అప్పుడు ఆరు వేల జాతులు చూశానని మొదటి రోజే చెప్పుకున్న పెద్దమనిషి ఒకాయన, నా వైపు చూడకుండా, అందరికీ వినపడేలా అన్నాడు: "కొందరికి బైనాక్యులర్స్‌లో పిట్టను పట్టడమే రాదు. వాళ్ల కోసం మిగతావాళ్ల టైము పోతోంది. ఇలాంటి టూరుకు వచ్చేముందు ఆలోచించుకోవాలి."

గైడు ఆయన్ని ఒక్క మాట అనలేదు. తల దించుకుని తర్వాతి పేరు చదివాడు. నా చేతిలో పెన్ను వణికింది. అరవై రెండేళ్ల వయసులో, పది మంది ముందు, తెలియని దేశంలో, ఆ మాట పడ్డాను. ఎవరూ "పాపం ఆమెకు స్కోపు అందలేదు" అనలేదు.

గదికెళ్లి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు తగ్గాక నాకు మా స్కూలు గుర్తొచ్చింది. మాకు ఉన్నది ఒకే ఒక్క మైక్రోస్కోపు, తరగతిలో అరవై మంది పిల్లలు. ఉల్లిపొర కణాలు చూపించే రోజు పొట్టివాళ్లను ముందు నిలబెట్టేదాన్ని. మైక్రోస్కోపును బెంచీ మీద నుంచి తీసి కింద స్టూలు మీద పెట్టేదాన్ని, పొడుగువాళ్లు వంగుతారు, వాళ్లకేం కష్టం? ఆఖరి పిల్ల "ఇటుకల్లా ఉన్నాయి మేడం" అనేదాకా గంట కొట్టినా ఎవరినీ కదలనిచ్చేదాన్ని కాదు. ముప్పై మూడేళ్లలో ఒక్క పిల్ల కూడా చూడకుండా రికార్డులో బొమ్మ గీయలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. డాలర్లు తీసుకుని పదకొండు మందికి ఒక పిట్టను చూపించడం రాని వాళ్ల దగ్గర నేనెందుకు తలదించుకోవాలి?

మర్నాడు పొద్దున్నే గైడు దగ్గరికెళ్లి రెండు మాటలు చెప్పాను. స్కోపు ముందు నా ఎత్తుకు పెట్టాలి, తర్వాత పెంచుకోవచ్చు. రెండు, పిట్ట ఎక్కడుందో నోటితో చెప్పాలి. మా నాన్న బట్టమేకను వేలుతో చూపేవాడు కాదు. "తంగేడు చెట్టు కాడ నుంచి ఎడమకు, రెండో గట్టు, ఎర్రమట్టి దిబ్బ పక్కన" అనేవాడు. అలా చెప్తే ఎవరి బైనాక్యులర్స్‌తో వాళ్లు పట్టుకోగలరు. గైడు క్షమించమన్నాడు. అప్పటి నుంచి అలాగే చేశాడు, అది ఒప్పుకోవాలి. పొట్టిగా ఉన్నవాళ్లెవరైనా ఈ సంగతి మొదటి రోజే అడగండి, నాలుగో రోజు దాకా ఆగకండి.

సముద్రం వైపు రోజులు హాయిగా గడిచాయి. రోచా సరస్సుకూ సముద్రానికీ మధ్య ఒక ఇసుక మేట, అది అప్పుడప్పుడూ తెగి ఉప్పునీళ్లు లోపలికొస్తాయి. ముఖద్వారం పూడిపోయి మన పులికాట్ పడే కష్టాలు తెలిసినవాళ్లకు అక్కడ నిలబడితే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. నల్లమెడ హంసలు, ఫ్లెమింగోలు. ఆవులు పొట్టిగా మేసిన గడ్డిలో బఫ్ బ్రెస్టెడ్ సాండ్‌పైపర్లు, ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి ఇంతదూరం వచ్చినవి. కాబో పొలోనియో అనే సముద్రతీరపు ఊరికి ఇసుక దిబ్బల మీదుగా పెద్ద ట్రక్కులో తీసుకెళ్తారు, నడుం నొప్పి ఉంటే కిందిసీటు అడగండి. భోజనం సంగతి: మాంసం వద్దంటే రెండుసార్లు హామ్ (పంది మాంసం) ముక్కలు వేసి తెచ్చారు. హామ్ కూడా వద్దని విడిగా చెప్పాలి. చాహా అని అక్కడ ఒక పెద్ద పక్షి ఉంది, దాని పేరుతోనే కేకు చేస్తారు, పీచ్ పండు ముక్కలతో. గుడ్డు తినేవాళ్లయితే వదలొద్దు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక పశువుల ఎస్టేటులో ఆగాం. గుడ్లగూబ ఉందని గైడు అందర్నీ యూకలిప్టస్ తోపులోకి తీసుకెళ్లాడు. నేను గేటు దగ్గరే ఉండిపోయాను. కారణం, కంచె తీగ మీద ఒక తెల్ల పిట్ట. ఒళ్లంతా తెలుపు, రెక్కలూ తోకా నలుపు. మొంహీత, అంటే స్పానిష్‌లో చిన్న సన్యాసిని అట. ఈ పిట్టా ఆ పసుపు పిట్టలూ కలిసి తిరుగుతాయని గైడు మొదటి రోజే చెప్పాడు. ఇది పైన కూచుని కాపలా కాస్తుంది, అవి కింద నిశ్చింతగా మేస్తాయి. మా ఊళ్లో గేదె మీద కూచున్న పసులపోలిగాణ్ణి చూస్తూ పెరిగినదాన్ని, కాపలా పిట్ట కూర్చునే తీరు నాకు తెలుసు. అది పురుగు కోసం కిందికి చూడటం లేదు. చుట్టూ చూస్తోంది.

డ్రైవరు కూడా వ్యాను దగ్గరే ఉన్నాడు. నాకు స్పానిష్ రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. తీగ మీద పిట్టను చూపించాను. అతను తల ఊపి, కింద ముళ్ల మొక్క వైపు గడ్డం ఎత్తి చూపాడు.

ముందు గడ్డి కదిలింది. తర్వాత ముళ్ల ఆకుల మధ్య నుంచి ఒక తల పైకొచ్చింది. పసుపు అంటే మా ఇంటి గడపకు పూసే పసుపు, తడి ఆరకముందు ఉండే రంగు. నల్లటి కన్ను, కంటి ముందు చిన్న నల్ల మచ్చ. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నడుస్తూ, ముక్కు మట్టిలో గుచ్చి, విప్పి చూస్తూ ముందుకొస్తున్నాయి. నాకూ వాటికీ మధ్య పాతిక అడుగులు ఉంటాయేమో. ఆడవాటికి వీపు మట్టిరంగు, కంటిపైన మాత్రం పసుపు గీత, పొట్ట కింద లేత పసుపు. ఒక చిమాంగో డేగ పైనుంచి పోయింది. తెల్ల పిట్ట అరిచింది, అన్నీ ఒక్కసారి మొక్కల మీదికెగిరి కదలకుండా నిలబడ్డాయి. డేగ పోయింది, మళ్లీ దిగాయి. డ్రైవరు మాటే పాత్ర నా చేతికిచ్చాడు, మాటే అంటే అక్కడివాళ్లు తాగే ఒక ఆకు కషాయం. చేదుగా ఉంది. తాగాను. నా బైనాక్యులర్స్ అద్దాలకు ఆవిరి పట్టింది, అది మాటే వల్ల కాదు.

తోపులోంచి వాళ్లు వచ్చేసరికి పిట్టలు కాలువ దాటి వెళ్లిపోయాయి. గుడ్లగూబ కనిపించలేదట.

ఆ రాత్రి జాబితా అయిపోయాక చెయ్యెత్తాను. నాలుగో రోజు పేజీ తియ్యమన్నాను. గైడు వెనక్కి తిప్పి, ఆ పేరు దగ్గర పెన్ను ఆపి, "ఎన్ని?" అని అడిగాడు.

"మగవి తొమ్మిది, ఆడవి ఐదు," అన్నాను. "రెండుసార్లు లెక్కపెట్టాను."