మెహర్‌కు అల్లాహ్ పెట్టిన పేరు

సియాహాలో, అంటే నిఖా పత్రంలో, మెహర్ (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ము) రాసే చోట రెండు మాటల్లో ఏదో ఒకటి పడుతుంది. ఉర్దూలో ఒకదానికి ఐన్, ఇంకోదానికి వావ్ మీద హంజా. తేడా ఆ ఒక్క అక్షరమే. ఐన్‌తో రాసేది తొందర అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, అంటే భార్య అడగగానే చెల్లించాల్సిన మెహర్. హంజాతో రాసేది ‘అజల్’ నుంచి, అంటే గడువు పెట్టుకున్న మెహర్. తెలుగులో మనం రెండింటినీ ‘ముఅజ్జల్’ అనే పలుకుతాం, అలాగే రాస్తాం. షాదీఖానాలో ఒకవైపు బిర్యానీ దేగ్‌లు దించుతుంటే, నిఖా చదివించే నాయబ్ ఖాజీగారు “ముఅజ్జల్ రాయమంటారా?” అని అడుగుతారు. పెద్దలు తలూపుతారు. ఏ ముఅజ్జల్‌కు తలూపారో వాళ్లకే తెలియదు. పెళ్లికూతురికి ఎలా తెలుస్తుంది? గడువు మెహర్‌కు తేదీ కూడా రాయరు. అలా వదిలేసిన మెహర్ తలాఖ్ నాడో, చావు నాడో తప్ప మళ్లీ ప్రస్తావనకు రాదు. అరబీ మాట పక్కనే ‘నఖద్’ (వెంటనే ఇచ్చేది) అనో ‘ఉధార్’ (బాకీ) అనో రాయించండి. ఉధార్ అయితే ఏ సంవత్సరం లోపు ఇస్తారో కూడా రాయించండి.

ఈ నిర్లక్ష్యమంతా ఎందుకంటే మెహర్ అంటే మనకు కాగితం మీద ఒక అంకె. ‘మహర్’ అనే మాట అసలు ఖురాన్‌లో లేదు. సూరయె నిసా 4వ ఆయత్‌లో (వాక్యంలో) అల్లాహ్ దాన్ని ‘సదుఖాత్’ అన్నాడు: “వ ఆతున్నిసాఅ సదుఖాతిహిన్న నిహ్లహ్.” అంటే, స్త్రీలకు వాళ్ల సదుఖాత్‌ను నిహ్లహ్‌గా ఇవ్వండి. ఆ మాటకు మూలం ‘సిద్ఖ్’, నిజం. సద్ఖా, సిద్దీఖ్, సాదిఖ్ అన్నీ ఆ ఇంటి బిడ్డలే. నిన్ను కోరుకుంటున్నానని నోటితో అన్నవాడు తన మాట నిజమని చేత్తో చూపించేది సదుఖాత్. ఇస్తానని రాసి ఇవ్వనివాడు ఈ పేరునే అబద్ధం చేస్తున్నాడు.

ఆ తర్వాతి మాట ‘నిహ్లహ్’ ఇంకా మెత్తనిది. బదులు ఆశించకుండా మనస్ఫూర్తిగా ఇచ్చే కానుక అని దాని అర్థం. తేనెటీగకు అరబీలో ‘నహ్ల్’. కొందరు భాషా పండితులు ఈ రెండింటినీ కలిపి చదివారు. తేనెటీగ తేనె ఇస్తుంది, తిరిగి ఏమీ అడగదు. ఆయత్‌లో ‘హిన్న’ అని కూడా ఉంది, అంటే ‘ఆ స్త్రీల’ సదుఖాత్. తండ్రిది కాదు, అన్నది కాదు, అత్తది అసలే కాదు. దీని ఎదురుగా మన జోడే కీ రఖమ్‌ను, అంటే అమ్మాయి ఇంటి నుంచి తీసుకునే కట్నాన్ని, పెట్టి చూడండి. అల్లాహ్ మగవాడి నుంచి ఆడమనిషికి పారించిన వాగును మనం వెనక్కి తిప్పాం. పైగా ఆ రొక్కం పెళ్లికి ముందే లెక్కపెట్టి మరీ తీసుకుంటాం, మెహర్ మాత్రం ఉధార్!

అంకెల సంగతి కూడా చెప్పుకోవాలి. 786 రూపాయల మెహర్, ‘శరయీ మెహర్’ పేరుతో 32 రూపాయల మెహర్ ఇంకా అక్కడక్కడా వింటుంటాం. షరీఅత్‌లో అలాంటి అంకె ఏదీ లేదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో, అంటే హనఫీ పద్ధతి ధర్మశాస్త్రంలో, కనీసం 10 దిర్హమ్‌లు, అంటే 30.618 గ్రాముల వెండి. 786 రూపాయలకు ఈ రోజు అంత వెండి రాదు. ఇనుప ఉంగరమైనా తెమ్మన్న హదీస్‌ను (ప్రవక్త మాటను) కొందరు అడ్డం పెట్టుకుంటారు. ఆ మాట ఒంటి మీది వస్త్రం తప్ప ఇంకేమీ లేని పేదవాడికి చెప్పింది. లక్షలు పోసి హాలు మాట్లాడుకున్నవాడికి దానితో ఏం పని?

దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తన భార్యలకు ఇచ్చిన మెహర్ పన్నెండున్నర ఊఖియాలని ఆయన భార్య హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పారు. ఊఖియా అంటే 40 దిర్హమ్‌లు, కాబట్టి మొత్తం 500 దిర్హమ్‌లు. మన దేశపు ఉలమా (మత పండితుల) లెక్కలో ఇది 1530.9 గ్రాముల వెండి, పాత తూకంలో 131 తులాల 3 మాషాలు. ప్రవక్త కూతురు ఫాతిమా పేరు మీద మెహరె ఫాతిమీ అని మనం చెప్పుకునేది ఇదే. పేరు మాత్రం రాసి గ్రాములు వదిలేస్తే రేపు తగాదా వస్తుంది. హైదరాబాదు వైపు ‘దీనారె సుర్ఖ్’ (ఎర్ర బంగారు దీనార్లు) రాయించే అలవాటుంది, వినడానికి హుందాగా ఉంటుంది. దీనార్ అంటే 4.374 గ్రాముల బంగారం. ఆ తూకం పక్కన లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరి లెక్క వాళ్లది. ‘సిక్కయె రాయిజుల్ వఖ్త్’ (చలామణిలో ఉన్న నాణెం) అని రూపాయల్లో రాస్తే, ధరలు పెరిగేకొద్దీ ఆమె హక్కు కరిగిపోతుంది. బంగారమో వెండో గ్రాముల్లో రాయించండి.

అమ్మాయి తరఫున మాట్లాడే వకీల్, ఇద్దరు గవాహ్‌లు (సాక్షులు) ఆమె ఒప్పుదల కోసం ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు అబ్బాయి పేరు, తండ్రి పేరుతోపాటు మెహర్ ఎంతో, నఖదో ఉధారో వినబడేలా చెప్పాలి. మొదటి పెళ్లి అమ్మాయి మౌనం అంగీకారమేనని హదీస్‌లో ఉంది. వినకుండా ఉన్న మౌనం అంగీకారం ఎలా అవుతుంది? వితంతువో తలాఖ్ అయిన స్త్రీయో అయితే నోరు తెరిచి చెప్పాల్సిందే. ఈజాబ్ (ప్రతిపాదన), ఖుబూల్ (అంగీకారం) తెలుగులోనూ చెల్లుతాయి, కాకపోతే క్రియ జాగ్రత్త. “ఒప్పుకుంటాను” అంటే రేపటి మాట, వాగ్దానం లాంటిది. “ఒప్పుకున్నాను” అనాలి. ఫిఖ్‌హ్ పుస్తకాలు భూతకాలం చెప్పింది అందుకే. ఒక్కసారి చాలు, మూడుసార్లు అనడం ఆనవాయితీ.

మనసును కోసేసే దృశ్యం ఒకటుంది. భర్త జనాజా (పాడె) లేపబోతుంటే భార్యను నడిపించుకొచ్చి “మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా” అంటారు. ఏడుస్తూ ఆమె తలూపుతుంది. అదే ఆయత్ రెండో సగం చదివారా? “ఫఇన్ తిబ్న లకుమ్”, ఆ స్త్రీలు మనసారా ఇష్టపడి వదిలితేనే తినండి అన్నాడు అల్లాహ్. శవం పక్కన నిలబెట్టి, నలుగురి చూపుల మధ్య పలికించిన మాటలో ఆ ఇష్టం ఎక్కడుంది? మెహర్ అప్పు. కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు తీశాక, వారసుల వాటాలకు ముందే, మిగతా అప్పులతోపాటు తీర్చాలి. ఆ తర్వాత వసీయత్ (వీలునామా) ఉంటే మూడో వంతు దాటకుండా, ఆపైన వారసత్వం. పిల్లలుంటే ఆమెకు వచ్చే ఎనిమిదో వంతు వేరు, మెహర్ వేరు. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని ఎగ్గొట్టకండి.

అన్నలారా, తమ్ముళ్లారా, జనాజా దాకా ఎందుకు? బీరువాలోంచి సియాహా తీయండి. మీ మెహర్ ఎంతో చూడండి. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకో గ్రాము కొని ఆమె చేతిలో పెట్టండి. ఒక నోటుబుక్కులో తేదీ, గ్రాములు రాయండి, పక్కన ఆమె సంతకం ఉండనివ్వండి.