నాకు రోజూ కడుపునొప్పే

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడు తొమ్మిదో తరగతి, శ్రీకాకుళంలో హాస్టల్లో ఉంటాడు, ఆదివారం ఒక్కరోజే ఫోన్ ఇస్తారు. "అక్కా, రోజూ కడుపునొప్పి వస్తంది" అన్నాడు. ఎప్పుడొస్తందిరా అంటే పొద్దున్న స్టడీ అవర్‌కి బెల్లు కొట్టినప్పుడట. మరి ఆదివారం? రాదట. ఫోన్ పెట్టేశాక అలా కూర్చుండిపోయాను. ఆ నొప్పి నాకు బాగా తెలుసు, 2018లో నాదీ అదే. అందుకే ఇది రాస్తన్నాను, పిన్నికైతే ఎలాగూ చదివి వినిపిస్తాను.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. కొబ్బరితోట, కొంచెం జీడి. అమ్మ పలాసలో జీడిపప్పు వలవడానికి వెళ్లేది. నేను బాగా చదువుతానని ఎనిమిదిలోనే శ్రీకాకుళం తీసుకొచ్చి ఒక ప్రైవేట్ స్కూల్ హాస్టల్లో వేశారు, పేరెందుకు లెండి. టెన్త్‌కొచ్చేసరికి నన్ను పది పాయింట్లు గ్యారంటీ అనుకునే సెక్షన్‌లో పెట్టారు. ఐదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా చదువే. ప్రతి సోమవారం గోడమీద ర్యాంకులు అంటించేవారు, పొద్దున్న పళ్లు తోముకోడానికి వెళ్లాలన్నా ఆ గోడ పక్కనుంచే వెళ్లాలి.

అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊళ్లకి ఫోన్లు లేవు, కరెంటు లేదు, హాస్టల్లో ఉద్దానం పిల్లలం ఏడెనిమిది మందిమి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఐదో రోజు నాన్న వచ్చాడు. "చెట్లు పోనాయమ్మా. మనుషులం ఉన్నాం కదా. నువ్వు సదువుకో" అన్నాడు. ఎన్ని మిగిలాయి నాన్నా అంటే పదకొండు అన్నాడు. మెస్‌లో అన్నం తిని మళ్లీ బస్సెక్కేశాడు. పడిపోయిన కొబ్బరిచెట్టు స్థానంలో మొక్కేస్తే కాపుకి ఐదారేళ్లు పడుతుందని ఉద్దానంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంక ఇంట్లో కాపుకి రావాల్సింది నేనే అనిపించీసింది.

ఇక్కడ ఒక మాట. చాలామందికి నేను కథ చెప్తే "ఓ, తుఫాను వల్ల" అంటారు. తుఫాను ఒక్కటే కాదు. తొమ్మిదో తరగతి సగం నుంచే నాకు నిద్ర సరిగ్గా లేదు, మూడింటికి మెలకువ వచ్చేసేది, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు, బొమ్మలు గీసేదాన్ని అదీ మానేశాను. తుఫాను వచ్చేదాకా ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

నవంబర్ నుంచి కడుపునొప్పి మొదలైంది. హాస్టల్లో క్లాస్ మానాలంటే జ్వరమైనా ఉండాలి, కడుపునొప్పైనా ఉండాలి. జ్వరమైతే థర్మామీటర్ పెట్టి తేల్చేస్తారు. "నాకేదోలా ఉంది మేడమ్" అంటే ఏదోలా అంటే ఏంటి అంటారు, దానికి నా దగ్గర సమాధానం లేదు. అలాగని నేను నటించలేదు, నిజంగానే నొప్పి, బొడ్డు చుట్టూ మెలిపెట్టేసేది, రెండుసార్లు వాంతి కూడా అయ్యింది. భయం, దిగులు ఎక్కువైతే కడుపు మీద చూపిస్తాయని, పిల్లల్లో అయితే మరీనని తర్వాత తెలిసింది. కానీ అప్పుడు వార్డెన్ గారు "స్లిప్ టెస్ట్ ఉన్న రోజే వస్తాదేటమ్మా నీకు నొప్పి" అని అందరి ముందూ అనేవారు. ఆవిడ సరిగ్గానే కనిపెట్టారు, అర్థమే రివర్స్‌లో చేసుకున్నారు.

డాక్టర్‌కి చూపించారు, స్కానింగ్ తీశారు, అంతా నార్మల్, గ్యాస్ మాత్రలు. డిసెంబర్‌లో స్కూల్లో మోటివేషన్ క్లాస్ పెట్టారు. మైకు పట్టుకుని ఒకాయన వెనకాల మ్యూజిక్ పెట్టి, కళ్లు మూసుకోండి, మీ అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోండి, మీ నాన్న అరిగిపోయిన చెప్పులు గుర్తు తెచ్చుకోండి అన్నాడు. హాలంతా వెక్కి వెక్కి ఏడుపు. నాకు కన్నీళ్లే రాలేదు. నేనెంత చెడ్డదాన్నో కదా, నాన్న చెట్లు పోయినా ఏడుపు రాదు నాకు అనుకున్నాను. ఇలాంటి క్లాసులు పెట్టేవాళ్లకి ఒక దండం, లోపల బాలేని పిల్లకి అక్కడ దొరికేది ఇంకో నేరం మాత్రమే.

సంక్రాంతికి ఇంటికెళ్లి మళ్లీ వెళ్లనని మంచం దిగలేదు. మామ్మ "గుంటకి ఏదో పట్టీసినాది" అని ఎజ్జుని, అంటే భూతవైద్యుణ్ణి, పిలిపించింది, తాయెత్తు కట్టారు, కోడిని కోశారు. మామ్మని నేనేం అనను, అందరిలోకీ నా పక్కన పడుకున్నది ఆవిడే. చివరికి పలాసలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, మళ్లీ కడుపునొప్పి అనే. ఆవిడ కడుపు నొక్కి చూశాక అమ్మని బయట కూర్చోమన్నారు. నిద్ర గురించి అడిగారు, ఆకలి గురించి, బొమ్మల గురించి. తర్వాత చాలా మామూలుగా, జ్వరం ఎన్నాళ్లుగా అన్నట్టు, "చచ్చిపోతే బాగుణ్ణు అనిపిస్తోందా?" అనడిగారు. అప్పటికి రెండు నెలలుగా అదే అనిపిస్తోంది నాకు. అవునన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. అలా అడిగితే పిల్లలకి లేని ఆలోచన పుడుతుందని పెద్దవాళ్లు భయపడతారు, అలా జరగదని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తున్నారు. నాకైతే ఎవరో వచ్చి తలుపు తీసినట్టయింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి రాసిచ్చారు. అమ్మ దారంతా కొంగు నోట్లో పెట్టుకునే ఉంది. "పిచ్చి డాక్టరంటండి, రేపు దీని పెళ్లెలగవుద్ది" అని ట్రైన్లో పక్కనావిడకి కూడా చెప్పీసింది. అంత రహస్యం మరి మాది! అక్కడ రక్తపరీక్ష చేయించారు, థైరాయిడ్ చూశారు, రక్తం తక్కువుందని దానికీ మందిచ్చారు, డిప్రెషన్ అని చెప్పారు. ఫ్లూఆక్సెటిన్ చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచారు. మూడు నాలుగు వారాల దాకా ఏమీ తెలియదు, ఈలోపు వికారం ఉండొచ్చు, మొదటి వారాల్లో పిల్లని ఒంటరిగా వదలొద్దు, మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి అని అమ్మకి రెండుసార్లు చెప్పారు. అమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచేది.

కౌన్సెలింగ్ మేడమ్ చేయించింది వింటే నవ్వొస్తుంది. రోజుకి ఒక పని చెయ్యి, ఎలా అనిపించిందో పదికి మార్కులెయ్యి అన్నారు. ఇక్కడ కూడా మార్కులేనా మేడమ్ అన్నాను. మొదటిరోజు స్నానం, రెండు. మూడో వారంలో మామ్మకి బొగ్గుతో గోడమీద కోడి బొమ్మ గీసిచ్చాను, నాలుగు. నాలుగే నాకు గొప్ప. మార్చిలో పరీక్షలు రాయలేదు. నాన్న ఆ మాట విని తోటలోకి వెళ్లిపోయాడు, రాత్రికి వచ్చి "పోనీలే" అన్నాడు. మేలో బాగానే ఉన్నాను కదా అని నేనే మాత్రలు మానేశాను, నెల తిరిగేసరికి మళ్లీ మంచం. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలని, మానాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని అప్పుడు బుర్రకెక్కింది.

ఆ ఏడాది ఊరి దగ్గర జెడ్పీ హైస్కూల్లో మళ్లీ టెన్త్‌లో చేరాను. హెచ్చెమ్ మాస్టారు సైకాలజీ ఏమీ చదువుకోలేదు. నాన్న భయపడుతూ చీటీ చూపిస్తే, "అమ్మా, నీకేటి కావాలో నువ్వే సెప్పు" అన్నారు, అంతే. మొదటి నెల మధ్యాహ్నం దాకానే బడి. గుమ్మం పక్క బెంచి. చెయ్యెత్తి అడగకుండా లేచి బయటికెళ్లొచ్చు, కాకపోతే వేపచెట్టు దాటకూడదు, స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి ఆ చెట్టు కనిపిస్తుంది. నా మార్కులు పేపర్ మీద రాసిస్తారు, పైకి చదవరు. పైసా ఖర్చు లేదు వీటిలో దేనికీ. అన్నీ బాగా జరిగాయని కాదు, ఒక మాస్టారు మంచికే అనుకుని "ఈ పిల్లని ఎవరూ ఏమీ అనకండి, దీనికి బాలేదు" అని క్లాసంతటికీ చెప్పేశారు, వారం రోజులు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఇంతా చేసి 2020 మార్చిలో పరీక్షలకి సిద్ధమైతే కరోనా వచ్చింది, వాయిదా మీద వాయిదా వేసి జూన్‌లో రద్దు చేసేశారు, అందర్నీ పాస్. నా బ్యాచ్ వాళ్లు చాలామంది ఏడ్చారు. మామ్మా నేనూ మాత్రం కలిసి పడీపడీ నవ్వుకున్నాం.

10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పాత హాస్టల్ సెక్షన్‌లో మేం 42 మందిమి. అంటే ఆరుగురం. మిగతా ఐదుగురూ ఎవరో ఎన్నిసార్లు లెక్కేసుకున్నా తేలదు, రోజూ తలనొప్పనే పిల్ల ఒకర్తి మాత్రం గుర్తొస్తుంది.

పిన్ని కొడుకు విషయానికొస్తే, వాడి నొప్పి ఉత్తి కడుపుదే అయ్యుండొచ్చు, నేను డాక్టర్‌ని కాదు. ముందు కడుపు చూపిద్దాం అన్నాను పిన్నితో, కానీ డాక్టర్ దగ్గర వాణ్ణి కాసేపు ఒంటరిగా మాట్లాడనియ్యి, నిద్ర గురించి అడగమని చెప్పు. 14416 నంబర్ కూడా ఇచ్చాను, టెలీమానస్, 2022 నుంచి ఉంది, ఫ్రీ, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మా రోజుల్లో అది లేదు. "ఆడికేటి అలాంటిది, ఆడు బాగానే తింటాడు" అంది పిన్ని. సరే అని శనివారం నేనే వెళ్తన్నాను, పలాసలో ఏడు గంటల ట్రైన్, ఆమదాలవలసలో దిగి ఆటో. ఔట్‌పాస్‌లో ఏం కారణం రాయాలి అని వార్డెన్ అడిగారట వాణ్ణి. కడుపునొప్పి అని రాయించేయరా, అన్నాను.