వర్డ్‌లో ఏదైనా వెతికాక మళ్ళీ పాత చోటికి ఎలా వస్తున్నానంటే (నా అనుభవం)

పెద్ద ఫైల్‌లో పని చేసేవాళ్ళకి ఈ ఇబ్బంది బాగా తెలుసు. రెండొందల పదో పేజీలో ఒక వాక్యం సరిచేస్తుంటాం, అక్కడ ఒక మనిషి పేరొస్తుంది, మొదటి అధ్యాయంలో ఆ పేరు ఎలా రాశారో చూడాలి, వెతకడానికి కంట్రోల్ ఎఫ్ కొడతాం, పేరు దొరుకుతుంది, అంతా బాగానే ఉంది, కానీ ఇప్పుడు మనం పన్నెండో పేజీలో ఉన్నాం, ఇందాకటి వాక్యం ఎక్కడో కింద ఉండిపోయింది, పేజీ నంబర్ చూసుకోలేదు, ఇక మౌస్ చక్రం తిప్పుకుంటూ ఒక్కో పేజీ దిగాలి. ఒకసారైతే ఫర్వాలేదు, రోజంతా అదే పనైతే ప్రాణం విసిగిపోతుంది.

నేను బెజవాడలో ఇంటి దగ్గర నుంచే తెలుగు పుస్తకాలకి ప్రూఫ్ చూస్తాను. ఈమధ్య చేసింది నెల్లూరు వైపు పెద్దాయన ఒకరు రాసిన వాళ్ళ ఊరి చరిత్ర. ఊళ్ళో చెరువులు, కాలవలు, ఎవరి తాత ఎక్కణ్ణించి వచ్చాడు, ఏ ఇంటివాళ్ళు ఏ వీధిలో ఉండేవాళ్ళు అన్నీ ఉన్నాయి, చాలా ప్రేమగా రాశారు. అయితే ఆయన ఏళ్ళ తరబడి అప్పుడింత అప్పుడింత రాసుకుంటూ వచ్చారు కాబట్టి ఒకే మనిషి ఒకచోట వెంకట్రావు, ఇంకోచోట వెంకటరావు, మరోచోట వేంకటరావు. ఒకే పక్క ఊరు ఒకచోట పాలెం, ఒకచోట పాళెం. సూరమ్మ చెరువు అని విడిగా ఒక పేజీలో, సూరమ్మచెరువు అని కలిపి ఇంకో పేజీలో. ఏడాది, యేడాది రెండూ ఉన్నాయి. ఇలాంటి పుస్తకానికి ప్రూఫ్ చూడటమంటే సగం పని చదవడం, సగం పని వెతకడం. అన్ని చోట్లా ఒకేసారి మార్చేసే రీప్లేస్ ఆల్ కొట్టేస్తే అయిపోదా అంటారేమో, అలా కుదరదు, ఎందుకంటే ఆ పుస్తకంలో వెంకట్రావు ఒకరే కాదు, వేంకటరావు గారని వేరే కరణం గారు కూడా ఉన్నారు, ప్రతిదీ వెళ్ళి చుట్టూ ఉన్న వాక్యం చదివి తేల్చుకోవాల్సిందే. వెళ్ళడం సరే, తిరిగి రావడం ఎలా అన్నదే నా సమస్య.

వర్డ్‌లో దీనికి ఒక మీట ఉంది, షిఫ్ట్ ఎఫ్5. మీరు చివరగా మార్పు చేసిన చోటికి కర్సర్‌ని తీసుకెళ్తుంది. మళ్ళీ నొక్కితే దానికి ముందు మార్చిన చోటికి, మళ్ళీ నొక్కితే ఇంకా ముందుదానికి, అలా చివరి మూడు మార్పులు గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత నొక్కితే మొదట ఉన్న చోటికి తెచ్చేస్తుంది. కంట్రోల్ ఆల్ట్ జెడ్ కూడా ఇదే పని చేస్తుంది. లాప్‌టాప్‌లో షిఫ్ట్ ఎఫ్5 నొక్కితే ఏమీ కాకుండా స్క్రీన్ వెలుతురో కీబోర్డ్ లైటో మారితే కంగారు పడక్కర్లేదు, ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. నేను మాత్రం లాప్‌టాప్ మీద కంట్రోల్ ఆల్ట్ జెడ్‌కే అలవాటు పడ్డాను, మూడూ ఎడంచేతికి అందుతాయి, కుడిచెయ్యి మౌస్ మీదే ఉంచుకోవచ్చు.

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది, చాలామందికి ఇది పనిచెయ్యట్లేదు అనిపించడానికి కారణం అదే. అది గుర్తుపెట్టుకునేది మీరు మార్పు చేసిన చోట్లని, మీరు చదువుతున్న చోటుని కాదు. ప్రూఫ్ చూసేటప్పుడు పేజీలకి పేజీలు ఏమీ ముట్టుకోకుండా చదువుకుంటూ పోతాం కదా, చివరి దిద్దుబాటు నూట తొంభయ్యో పేజీలో ఉంటుంది, మనం రెండొందల పదిలో చదువుతుంటాం, అక్కణ్ణించి వెతకడానికి వెళ్ళి షిఫ్ట్ ఎఫ్5 కొడితే నూట తొంభైకి వెళ్ళి నిలబడుతుంది. దాని తప్పేం లేదు, రెండొందల పదిలో మనం అసలు ఏమీ రాయలేదు మరి. అందుకని వెతకడానికి వెళ్ళబోయే ముందు ఉన్నచోటే స్పేస్ బార్ ఒకసారి కొట్టి వెంటనే చెరిపేస్తాను. అది కూడా మార్పు కిందే లెక్క. అప్పుడు కంట్రోల్ ఎఫ్, చూడాల్సింది చూడటం, షిఫ్ట్ ఎఫ్5, అంతే, సరిగ్గా ఆ మాట పక్కన కర్సర్ మిణుకుమంటూ ఉంటుంది. ఈ స్పేస్ కొట్టి చెరిపే అలవాటు వేళ్ళకి వచ్చేసిందంటే పని ఎంత సాఫీగా సాగుతుందో చెప్పలేను.

అయితే దీనికీ ఒక హద్దుంది. వెళ్ళినచోట ఊరికే చూసి రావడం కాకుండా అక్కడ కూడా దిద్దితే, ఆ దిద్దుబాటు జాబితాలో ముందుకొచ్చేస్తుంది, మీ పాత చోటు వెనక్కి జరుగుతుంది. ఒకటి రెండు చోట్ల దిద్దితే షిఫ్ట్ ఎఫ్5 ఇంకో రెండుసార్లు కొట్టి తెచ్చుకోవచ్చు. ఆ కరణం గారి పేరు లాంటిదైతే వరసగా ఏడెనిమిది చోట్ల దిద్దాల్సి వస్తుంది, అప్పటికి పాత చోటు జాబితాలోంచే జారిపోతుంది.

అలాంటప్పుడు నేను చేసేది ఇంకా పాత పద్ధతి, కర్సర్ ఉన్నచోట ఱఱ అని టైప్ చేసి వెళ్ళిపోతాను. బండిర రెండు పక్కపక్కనే. పాత పుస్తకాల్లో గుఱ్ఱము, కఱ్ఱ అని ఉంటుంది కానీ అక్కడ ఱ కింద ఱ వత్తు వస్తుంది, రెండు విడి ఱలు పక్కపక్కన ఏ తెలుగు మాటలోనూ రావు, అందుకే వెతికితే నేను పెట్టిన గుర్తు తప్ప ఇంకేదీ తగలదు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు మూడు ఎక్స్‌లో మూడు జెడ్‌లో పెట్టుకుంటారు, ఉద్దేశం అదే. తిరిగి రావాలంటే కంట్రోల్ ఎఫ్, ఱఱ, ఎంటర్, వచ్చాక చెరిపెయ్యడం. దీని గొప్పతనం ఏంటంటే ఏ వర్డ్ ప్రాసెసర్‌లో అయినా పనికొస్తుంది, గూగుల్ డాక్స్‌లో అయినా, ఫోన్‌లో తెరిచినా, ఫైల్ మూసి రేపు పొద్దున తెరిచినా అక్కడే ఉంటుంది. దిద్దిన ప్రతిదాన్నీ గుర్తుగా చూపించే ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, మనం పెట్టినదాన్ని మనమే చెరిపేస్తే గీత కొట్టినట్టు చూపించకుండా పూర్తిగా పోతుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, ఫైల్ పంపే ముందు ఒకసారి ఱఱ కోసం వెతికి ఏమీ దొరకలేదని చూసుకున్నాకే పంపాలి.

ఇదంతా నాకు మొదట నేర్పింది మా టైప్ ఇన్‌స్టిట్యూట్ మాస్టారు. టైపు పరీక్షలు లోయర్, హయ్యర్ రెండిటికీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మెషీన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక ఆయన వర్డ్‌స్టార్ అనే పాత వర్డ్ ప్రాసెసర్ నేర్చుకుని ఇంగ్లీషు ఉత్తరాలు, కోర్టు కాగితాలు కొట్టిచ్చేవారు. 1978లో వచ్చిన ప్రోగ్రామ్ అది, అందులో మౌస్‌తో పని లేదు, అంతా మీటలే. అందులో కంట్రోల్ క్యూ కొట్టి పి నొక్కితే కర్సర్ ఇంతకుముందు ఉన్న చోటికి వెళ్ళేది. అంతేకాదు, కంట్రోల్ కె కొట్టి 0 నుంచి 9 దాకా ఏదో ఒక అంకె నొక్కితే అక్కడ ఆ అంకెతో గుర్తు పడేది, తర్వాత కంట్రోల్ క్యూ, అదే అంకె కొడితే నేరుగా అక్కడికే. పది చోట్లు గుర్తుపెట్టుకోవచ్చన్నమాట. "ఏమ్మా, వెతకడానికి వెళ్ళేముందు గుర్తు పెట్టావా లేదా" అని ఆయన వెనకాల నిలబడి అడిగేవారు. "పెట్టానండీ మాస్టారూ" అనిపించుకున్నాకే కదిలేవారు. స్పేస్ కొట్టి చెరపడం కూడా ఆయన చెప్పిందే, వర్డ్‌కి మారాక.

ఆ పది గుర్తులకి సరైన వారసుడు వర్డ్‌లో బుక్‌మార్క్. కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్5 కొడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది, ఒక పేరు ఇచ్చి యాడ్ అనాలి. పేరు అక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో ఖాళీలు ఉండకూడదు, కావాలంటే అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో ఇక్కడ అని ఒకటే పేరు వాడతాను, ఎందుకంటే అదే పేరుతో మళ్ళీ యాడ్ కొడితే పాత గుర్తు పోయి కొత్త చోటికి మారుతుంది, జాబితా పెరిగిపోదు. తిరిగి రావడానికి అదే పెట్టె తెరిచి గో టు. ఇది ఫైల్‌తో పాటే సేవ్ అవుతుంది, ప్రింట్‌లో కనపడదు. ఊరి చరిత్రలో అయితే ఇక్కడ అనేది కాక ఇంకో రెండు శాశ్వతంగా పెట్టుకున్నాను, వంశవృక్షం దగ్గర ఒకటి, చెరువుల పట్టిక దగ్గర ఒకటి, మాటిమాటికీ చూడాల్సినవి అవే కాబట్టి.

విషయసూచికలో శీర్షిక మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి వెళ్ళినప్పుడు మాత్రం ఇవేవీ అక్కర్లేదు, ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం కొడితే బ్రౌజర్‌లో లాగా వెనక్కి వచ్చేస్తుంది. అది లింకు మీద వెళ్ళినప్పటి సంగతి, వెతికి వెళ్ళినప్పుడు దాని మీద ఆధారపడొద్దు.

ఇంకో చిన్న విషయం, చాలామంది గమనించరు. మౌస్ చక్రం తిప్పినా, పక్కన స్క్రోల్ బార్ లాగినా కర్సర్ కదలదు. కళ్ళకి వేరే పేజీ కనిపిస్తుంది గానీ కర్సర్ పాత చోటే ఉంటుంది, ఒక బాణం మీట తడితే చాలు స్క్రీన్ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి మీకు కావాల్సింది రెండు మూడు పేజీల పైనే ఉందని తెలిస్తే వెతకకుండా చక్రం తిప్పి చూసి రండి, ఎక్కడా క్లిక్ మాత్రం చెయ్యకండి. పేజ్ అప్, పేజ్ డౌన్ అలా కాదు, అవి కర్సర్‌ని కూడా వెంట తీసుకుపోతాయి.

ఇన్ని చేసినా ఊరి చరిత్ర చివరి విడతలో నాకు బాగా అక్కరకొచ్చింది వేరే పద్ధతి, రెండు కిటికీలు. వ్యూ మెనూలో న్యూ విండో అని ఉంటుంది, అది నొక్కితే అదే ఫైల్ ఇంకో కిటికీలో తెరుచుకుంటుంది, కాపీ కాదు, అదే ఫైల్, ఇందులో దిద్దితే అందులోనూ మారుతుంది, సేవ్ ఎందులో చేసినా ఒకటే. కానీ కర్సర్ దేనికదే. ఎడమ పక్క కిటికీలో చదువుతూ ఉంటాను, వెతకడాలన్నీ కుడి పక్క కిటికీలో. ఎడమవైపు కర్సర్ అంగుళం కూడా కదలదు. ఇక తిరిగి రావడం అన్న మాటే లేదు, ఎందుకంటే మనం ఎక్కడికీ వెళ్ళలేదు. మానిటర్ పెద్దదైతే దీనికి మించింది లేదని నా అభిప్రాయం. చిన్న లాప్‌టాప్ అయితే స్ప్లిట్ వాడుకోవచ్చు, కంట్రోల్ ఆల్ట్ ఎస్ కొడితే ఒకే కిటికీ పైనా కిందా రెండు ముక్కలవుతుంది, పైన చదవడం, కింద వెతకడం. తెలుగు అక్షరాలకి వత్తులూ గుడులూ ఉండి వరస ఎత్తు ఎక్కువ కాబట్టి ముక్కకి కొన్ని వరసలే కనిపిస్తాయి, అందుకే నాకు స్ప్లిట్ కంటే రెండు కిటికీలే నచ్చాయి.

పాలెమా పాళెమా అన్నది అలా రెండు కిటికీల్లో అన్ని చోట్లూ పక్కపక్కన పెట్టి చూసి పెద్దాయనకి ఫోన్ చేశాను. "మా పక్కంతా పాళెమేనమ్మా, కృష్ణా గుంటూరు వాళ్ళు పాలెం అంటారు, మాకు ళ పెట్టండి" అన్నారు. మధ్యలో గుంటూరు జిల్లా నుంచి వలసొచ్చిన కుటుంబం గురించి ఒక అధ్యాయం ఉంది, అందులో వాళ్ళ సొంతూరు మాత్రం పాలెం అనే ఉంచాలి. రీప్లేస్ ఆల్ కొట్టి ఉంటే ఆ తేడా చెరిగిపోయేది.

వర్డ్ బదులు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకి ఒక మాట. అందులో కూడా షిఫ్ట్ ఎఫ్5 ఉంది కానీ పని వేరు, ఫైల్ మూసే ముందు చివరగా సేవ్ చేసినప్పుడు కర్సర్ ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్తుంది, ఇందాక దిద్దిన చోటికి కాదు. అది కూడా ఆప్షన్స్‌లో యూజర్ డేటా దగ్గర మీ పేరు నింపి ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. వెతికి తిరిగి రావడానికైతే అందులో నావిగేటర్ ఉంది, ఎఫ్5 కొడితే వస్తుంది, దాన్లో సెట్ రిమైండర్ అని ఒక బొమ్మ ఉంటుంది, నొక్కితే కర్సర్ ఉన్నచోట గుర్తు పడుతుంది. అలా ఐదు పెట్టుకోవచ్చు, ఆరోది పెడితే మొదటిది పోతుంది. ఇవి ఫైల్‌తో సేవ్ కావు, మూసేస్తే పోతాయి. అందుకని రాత్రి పని ఆపేటప్పుడు నేను అక్కడ కూడా ఱఱ కొట్టి మూస్తాను. వర్డ్‌లో అయితే ఆ అవసరం తక్కువ, 2013 నుంచి వచ్చిన వెర్షన్లలో ఫైల్ తెరవగానే కుడి పక్కన నిన్న ఆపిన చోటికి వెళ్తావా అని చిన్న గుర్తు కనపడుతుంది, దాన్ని నొక్కితే చాలు.

పుస్తకం పేజీలు కట్టేవాళ్ళకి ఇచ్చేటప్పుడు బుక్‌మార్కులు తీసేసి, ఱఱ వెతికి ఒక్కటీ లేదని చూసుకుని, ట్రాక్ ఛేంజెస్ అన్నీ ఆమోదించి పంపాను. వాళ్ళు మనం మామూలుగా టైప్ చేసే యూనికోడ్ తెలుగు నుంచి అచ్చుపనికి వాడే అను ఫాంట్లకి మార్చుకుని, పేజీలు కట్టే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో కడతారు, ఒకసారి అటు మారిందంటే ఆ ఫైల్‌లో మామూలు తెలుగులో వెతికితే ఏదీ దొరకదు. అందుకే వెతకాల్సినవన్నీ ఇటువైపు ఉండగానే వెతికేసుకున్నాను.