జీడిపప్పు నిల్వలు ఫోనులోకి: నా అనుభవం

పలాసలో మా పెదనాన్నగారి జీడిపప్పు పరిశ్రమ లెక్కలన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. ఏ రకం ఎంత ఉందో వ్యాపారులు ఫోనులోనే చూసుకుని ఆర్డర్ పెట్టేలా రెస్ట్ సర్వీసు (ఫోను యాప్‌లు వెబ్ చిరునామాల ద్వారా సమాచారం అడిగి తీసుకునే ప్రోగ్రాము) రాయమన్నారాయన.

టేబుళ్లను ఉన్నవి ఉన్నట్టే జేసన్‌గా (ప్రోగ్రాములు చదువుకునే డేటా రూపం) బయటపెట్టే సాధనాలు బోలెడున్నాయి. నాకవి నచ్చవు. మా టేబుళ్లలో పిక్కలు కొన్న ధర, వ్యాపారుల బాకీలు కూడా పక్కపక్కనే ఉన్నాయి మరి. "కొన్న ధర పొక్కితే ఇంక బేరమేముంటుందమ్మా?" అన్నారు పెదనాన్న. నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ మాటే ఎక్కువ పనికొచ్చింది. రకాలు, నిల్వలు, ఆర్డర్లు, ఈ మూడింటికే వెబ్ చిరునామాలిచ్చాను. డబ్ల్యూ 320, అంటే పౌనుకు 300 నుంచి 320 పలుకులు తూగే గుండు పప్పు, రకాల కింద ఒక చిరునామా. దాన్ని చూడాలంటే గెట్, అంటే 'చూపించు' అనే వెబ్ ఆదేశం. వేరే క్రియాపదం చిరునామాలో ఇరికించనక్కర్లేదు.

అసలు తలనొప్పి ఆర్డర్లతో. వ్యాపారి రైల్లో వెళ్తూ పది టిన్నులకు ఆర్డర్ పంపుతాడు. అది సర్వర్‌లో నమోదవుతుంది, జవాబు ఫోనుకు చేరేలోపే సిగ్నల్ పోతుంది. ఫోను మళ్లీ పంపుతుంది. పోస్ట్ పద్ధతిలో (వచ్చిన ప్రతిసారీ కొత్త ఆర్డర్ రాసుకునే ఆదేశం) అయితే పది కాస్తా ఇరవై కావచ్చు. అందుకే ఆర్డర్ నంబరును ఫోనే తయారుచేసి, ఆ నంబరున్న చిరునామాకు పుట్ ('ఈ చిరునామాలో దీన్ని ఉంచు' అనే ఆదేశం) పంపేలా రాశాను. పుట్ ఎన్నిసార్లు వచ్చినా ఆర్డర్ ఒక్కటే: సర్వర్ పంపే జవాబు కోడ్ మొదటిసారి 201 (కొత్తగా నమోదైంది), తర్వాత 200 (సరే). మిగిలిన టిన్నులకు ఇద్దరు పోటీపడితే రెండోవారికి 409 (ఉన్న స్థితితో పొసగదు) వెళ్తుంది. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రెస్ట్‌కు పెట్టిన నియమాల్లో ఒకటి, ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన సమాచారమంతా తనతోనే తెచ్చుకోవాలన్నది. మాటిమాటికీ తెగిపోయే నెట్‌వర్క్‌లో దాని విలువ తెలిసింది. లాగిన్ టోకెన్ (అడిగేది ఎవరో చెప్పే గుర్తింపు చీటీ) కూడా ప్రతిసారీ వస్తుంది, లేకపోతే 401 (గుర్తింపు లేదు).

అంతా అయ్యాక పెదనాన్న ఇంకో మెలిక పెట్టారు. నిల్వ ఎక్కువుందని తెలిస్తే వ్యాపారులు ధర తగ్గించమంటారట, అంకె కనిపించకూడదట! నిజమే. కానీ అంకె రావలసిన చోట "ఉంది", "కొద్దిగా ఉంది" అని పంపితే పాత యాప్‌లు చతికిలబడతాయి. అందుకని చిరునామాలో వీ2 చేర్చి రెండో రూపం ఇచ్చాను. అందరూ కొత్త యాప్‌కు మారేదాకా వీ1ను ఉంచి, ఆ తర్వాత దాన్ని అడిగిన ఫోనుకు 410 (ఇది ఇక లేదు) పంపుతున్నాను.