పక్కన నిలబడినా, నిలబడకపోయినా

2008 మార్చి 10న న్యూయార్క్ గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ విలేకరుల ముందుకు వచ్చి కుటుంబానికీ ప్రజలకూ క్షమాపణ చెప్పడాన్ని నేను న్యూజెర్సీలో, మా ఆఫీసు భోజనాల గదిలోని టీవీలో చూశాను. ఖరీదైన వ్యభిచార ముఠాకు ఆయన ఖాతాదారు అన్న వార్త బయటపడిన రోజది. ప్రశ్నలకు జవాబివ్వకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ భార్య సిల్డా పక్కనే నిలబడి ఉన్నారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి.

మా బల్ల దగ్గర ఉన్న ఒక పెద్దావిడ, మన తెలుగావిడే, నిట్టూర్చి "మొగుణ్ణి కొంగున కట్టుకోవడం చేతకాలేదు, పాపం" అన్నారు. అమెరికన్ సహోద్యోగి ఒకామె మాత్రం ఆత్మాభిమానం ఉన్న మనిషి అక్కడికి వచ్చి నిలబడుతుందా అని మండిపడింది. నేను రెండో ఆమెతో ఏకీభవించాను. చేసినది ఆయన అయితే, మేము ముగ్గురమూ తీర్పు చెప్పినది ఆమెకు. ఆ రోజుల్లోనే రేడియోలో సంసార సలహాలు చెప్పే ఒక ప్రముఖురాలు టీవీకి వచ్చి, భర్త అవసరాలను భార్య పట్టించుకోకపోతే అతను దారి తప్పడంలో ఆమెకూ బాధ్యత ఉంటుందన్న ధోరణిలో మాట్లాడినప్పుడు, మా పెద్దావిడ మాటకూ ఆ మాటకూ భాషలో తప్ప తేడా లేదని నాకు అర్థమైంది.

సిల్డా హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, పెద్ద న్యాయసంస్థలో పనిచేసి, ఆ ఉద్యోగ జీవితాన్ని వదిలి ముగ్గురు ఆడపిల్లలను పెంచుతూ ఒక స్వచ్ఛంద సంస్థను స్థాపించిన మనిషి. ఆ కొద్ది నిమిషాల తర్వాత ఇదంతా ఎవరికీ గుర్తు లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2004 ఆగస్టులో, మా న్యూజెర్సీ గవర్నర్ జిమ్ మెక్‌గ్రీవీ తాను స్వలింగ సంపర్కుడిననీ, మరొక పురుషుడితో సంబంధం ఉన్నదనీ చెప్పి రాజీనామా ప్రకటించినప్పుడు కూడా భార్య డీనా ఇలాగే పక్కన నిలబడ్డారు. ఇంటి ఇల్లాలే వదిలి వెళ్ళలేదు కదా, మనకెందుకు అని ఓటరు అనుకోవడానికి ఆ నిలబడటం పనికొస్తుంది. ఆ ఉపయోగం భర్తది, దానికి వచ్చే నింద మాత్రం భార్యది.

హిల్లరీ క్లింటన్ విషయంలో ఇది ఎంత దూరం పోయిందో చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. 1992 జనవరిలో, భర్త ఎన్నికల ప్రచారం వివాహేతర సంబంధం ఆరోపణతో తల్లకిందులవుతున్న వేళ, టీవీ ముఖాముఖిలో ఆయన పక్కన కూర్చుని, 'నీ మొగుడి వెంట నిలబడు' అని పాడిన గాయని టామీ వినెట్‌లా మొగుడి వెంట నిలబడే అమాయకురాలిని కానని ఆమె అన్నారు. ఆ మాటకు గాయని నొచ్చుకుంటే చివరికి హిల్లరీయే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1998 ఆగస్టు 17న, వైట్‌హౌస్‌లో పనిచేసిన యువతి మోనికా లెవిన్‌స్కీతో సంబంధాన్ని అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఒప్పుకున్నారు. మర్నాడు ఆ కుటుంబం హెలికాప్టర్ వైపు నడుస్తున్న ఫోటోలో కూతురు చెల్సీ మధ్యన ఉండి ఒక చేత్తో తల్లినీ మరో చేత్తో తండ్రినీ పట్టుకుని ఉంటుంది. తండ్రి రెండో చేతిలో పెంపుడు కుక్క గొలుసు ఉంటుంది. ఆ ఏడాది చివర గాలప్ సర్వేలో హిల్లరీ పట్ల సుముఖత 67 శాతానికి చేరింది, ఆమెకు అంతకు మించి ఎన్నడూ రాలేదు. గాయపడి మౌనంగా ఉన్నంతకాలం జనం ఆమెను గుండెకు హత్తుకున్నారు. తానే పదవికి పోటీ చేసినప్పుడు మాత్రం, ఆశ కోసమే కాపురం నిలుపుకుందన్న మాట మొదలైంది. 2016 అక్టోబరులో, అధ్యక్ష అభ్యర్థుల రెండో చర్చకు కాసేపు ముందు, ఆమె భర్తపై ఆరోపణలు చేసిన స్త్రీలను డొనాల్డ్ ట్రంప్ విలేకరుల ముందు కూర్చోబెట్టారు. పోటీలో ఉన్నది ఆమె, ఆమె భర్త కాదు.

రాజకీయాలలో ఉన్న భార్యను ఏమీ అడగకూడదని నేను అనను. 1998 జనవరిలో, భర్తకు లెవిన్‌స్కీతో సంబంధం ఉందన్న ఆరోపణల వెనుక మితవాదుల పెద్ద కుట్ర ఉన్నదని హిల్లరీ టీవీలో చెప్పారు. అది బహిరంగంగా చెప్పిన రాజకీయ మాట కాబట్టి జవాబు అడగవచ్చు. భర్త జాన్ ఎడ్వర్డ్స్‌కు మరో స్త్రీతో ఉన్న సంబంధం గురించి 2006 చివరికే తెలిసి కూడా ఆయన అధ్యక్ష ప్రచారంలో పాల్గొన్న ఎలిజబెత్ ఎడ్వర్డ్స్‌ను, ఆమె అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నప్పటికీ, తెలిసీ ఎందుకు ప్రచారం చేశారని పార్టీ కార్యకర్తలు అడగడంలో అన్యాయం లేదు. అయితే ఒకే కప్పు కింద ఉండాలా, విడిపోవాలా అన్నది మన ముందు పెట్టిన ప్రశ్నే కాదు.

2009 జూన్‌లో దక్షిణ కరోలినా గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ అర్జెంటీనాలోని స్త్రీతో తన సంబంధాన్ని ఒప్పుకున్నప్పుడు భార్య జెన్నీ ఆ సమావేశానికి రాలేదు. చాలామంది మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆ మెప్పులోనే సిల్డాను మళ్ళీ ఒక దెబ్బ కొట్టడం ఉన్నదని తర్వాత తట్టింది.

2013లో స్పిట్జర్ న్యూయార్క్ నగర కంప్ట్రోలర్ (నగర ఆదాయవ్యయాలను పర్యవేక్షించే అధికారి) పదవికి పోటీ చేశారు. సిల్డా ఆ ప్రచారంలో కనిపించలేదు. అయిదేళ్ళ క్రితం ఆమె ఎందుకు నిలబడిందని అడిగిన ఊళ్ళోనే, ఇప్పుడు ఆమె పక్కన ఎందుకు లేదని పత్రికలు రాయసాగాయి. ఆయన ఓడిపోయిన కొద్ది నెలలకు, డిసెంబరులో, తమ వివాహం ముగిసిందని ఇద్దరూ కలిసి ప్రకటించారు.